వాట్లు కాదు, వెలుతురు కొనండి: ఇంటికీ దుకాణానికీ ఎల్‌ఈడీ లైట్లు

మీ ఇంట్లో ఎన్ని లైట్లు ఉన్నాయి? ఒక కాగితం తీసుకుని, గది గదికీ వెళ్ళి లెక్కపెట్టండి. ప్రతి లైటు పక్కన రెండు విషయాలు రాయండి. అది ఏ రకం బల్బు? రోజుకు ఎన్ని గంటలు వెలుగుతుంది? ఈ చిన్న జాబితా చేతిలో ఉంటే ఏ బల్బు ముందు మార్చాలో, ఏది తర్వాత మార్చినా ఫరవాలేదో మీకే తెలిసిపోతుంది.

దక్షిణ ఆఫ్రికాలో కరెంటు ధర ఏటా పెరుగుతోంది. ప్రీపెయిడ్ మీటరు ఉన్న ఇంట్లో ఈ సంగతి పిల్లలకు కూడా తెలుసు. నెల పూర్తి కాకముందే యూనిట్లు అయిపోతాయి. మళ్ళీ టోకెన్ కొనాలి. ఇంట్లో ఎక్కువ కరెంటు తినేది గీజర్. లైట్ల వాటా దానికన్నా తక్కువే. అయితే గీజర్ మార్చాలంటే చాలా డబ్బు కావాలి, పనివాళ్ళు రావాలి. బల్బు మార్చడానికి ఒక స్టూలు చాలు.

డబ్బు ఒక్కటే విషయం కాదు. మెట్ల మీద వెలుతురు చాలకపోతే అమ్మమ్మ జారి పడవచ్చు. దుకాణంలో లైటు సరిగా లేకపోతే మంచి చీర కూడా పాతదానిలా కనిపిస్తుంది. బల్బు చౌకగానే దొరుకుతుంది. తప్పు బల్బు మాత్రం చివరికి ఖరీదు పడుతుంది.

ఎల్‌ఈడీ అంటే ఏమిటి?

పాత గుండ్రటి బల్బులో సన్నని తీగ ఉంటుంది. కరెంటు ఆ తీగను ఎర్రగా, తర్వాత తెల్లగా కాలుస్తుంది. అప్పుడు వెలుగు వస్తుంది. కానీ మనం కొన్న కరెంటులో సుమారు 5 శాతమే వెలుగు అవుతుంది. మిగిలినదంతా వేడి. ఆ బల్బును ముట్టుకుంటే చెయ్యి కాలేది అందుకే.

ఎల్‌ఈడీ అంటే లైట్ ఎమిటింగ్ డయోడ్. అంటే, వెలుగునిచ్చే డయోడ్. ఇందులో కాలే తీగ లేదు. ఒక చిన్న ముక్కలో కరెంటు పారితే నేరుగా వెలుగు వస్తుంది. ఎర్ర ఎల్‌ఈడీ 1962లోనే వచ్చింది. రేడియోల మీద, గడియారాల మీద కనిపించే చిన్న ఎర్ర చుక్క అదే. ఇంటికి పనికివచ్చే తెల్లని వెలుగు కావాలంటే నీలం ఎల్‌ఈడీ కావాలి. దాన్ని తయారు చేయడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ పని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

చాలా ఎల్‌ఈడీ బల్బుల్లో వెలిగేది నీలం రంగే. దాని మీద పసుపు పూత ఉంటుంది. నీలం, పసుపు కలిసి మన కంటికి తెలుపుగా కనిపిస్తాయి. పూత ఎలా ఉంటే వెలుగు అలా ఉంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. చీరల దుకాణం గురించి మాట్లాడేటప్పుడు మళ్ళీ పనికివస్తుంది.

లూమెన్లు చూడండి

మన ఇళ్ళలో ఇప్పటికీ "అరవై బల్బు ఇవ్వండి" అని అడుగుతాం. అరవై అంటే 60 వాట్లు. వాట్ అనేది బల్బు ఎంత కరెంటు తింటుందో చెబుతుంది. ఎంత వెలుతురు ఇస్తుందో చెప్పదు. వెలుతురును కొలిచేది లూమెన్.

పాత 60 వాట్ల బల్బు సుమారు 800 లూమెన్లు ఇచ్చేది. అంత వెలుతురు ఇవ్వడానికి ఎల్‌ఈడీకి 8 లేక 9 వాట్లు చాలు. పాత 40 వాట్ల బల్బు కావాలంటే సుమారు 470 లూమెన్లు వెతకండి. పాత 75 అయితే సుమారు 1050. పాత 100 అయితే సుమారు 1500. ఈ నాలుగు అంకెలు మీ జాబితా వెనక రాసుకోండి.

మంచి బల్బును గుర్తించడానికి ఒక చిన్న లెక్క ఉంది. పెట్టె మీద ఉన్న లూమెన్లను వాట్లతో భాగించండి. 9 వాట్ల బల్బు 900 లూమెన్లు ఇస్తే, వాట్‌కు 100 లూమెన్లు వచ్చినట్టు. 2023లో మన ప్రభుత్వం బల్బులకు కొత్త నిబంధనలు ప్రకటించింది. మొదటి దశలో వాట్‌కు కనీసం 90 లూమెన్లు రావాలి. తర్వాతి దశలో 105 రావాలి. పెట్టె మీద లూమెన్లే రాయని బల్బును ఎంత చౌకగా ఇచ్చినా కొనకండి.

ముందు ఏది మార్చాలి?

ఎక్కువ గంటలు వెలిగే లైటును ముందు మార్చాలి. ఎందుకో లెక్క వేసి చూద్దాం. ఒక యూనిట్ కరెంటు 3 ర్యాండ్లు అనుకుందాం. మీ ధర వేరే అయితే ఆ అంకె పెట్టుకోండి.

మీ ముందు గదిలో 60 వాట్ల పాత బల్బు రోజుకు 5 గంటలు వెలుగుతుంది. ఏడాదికి సుమారు 110 యూనిట్లు, అంటే 330 ర్యాండ్లు. దాని చోట 9 వాట్ల ఎల్‌ఈడీ పెడితే సుమారు 16 యూనిట్లు, అంటే 49 ర్యాండ్లు. ఒక్క బల్బు మీద ఏడాదికి 280 ర్యాండ్లు మిగులుతాయి.

అదే బల్బు సామాన్ల గదిలో ఉందనుకోండి. రోజుకు 10 నిమిషాలే వెలుగుతుంది. ఏడాదికి దాని ఖర్చు 11 ర్యాండ్లు. అక్కడ ఎల్‌ఈడీ పెట్టడానికి తొందర లేదు. పాతది మాడిపోయాక మార్చండి.

ఇప్పుడు వంటగది చూద్దాం. చాలా ఇళ్ళలో సీలింగులో ఆరు చిన్న హాలోజెన్ లైట్లు ఉంటాయి. చూడటానికి చిన్నవి. కానీ ఒక్కొక్కటి 50 వాట్లు. ఆరూ కలిపి 300 వాట్లు. రోజుకు 4 గంటలు వెలిగితే ఏడాదికి 438 యూనిట్లు. వాటి చోట 5 వాట్ల ఎల్‌ఈడీలు ఆరు పెడితే 44 యూనిట్లు. తేడా దాదాపు 1180 ర్యాండ్లు! సీలింగు పైన వేడి కూడా తగ్గుతుంది. మీ ఇంట్లో హాలోజెన్లు ఉంటే అక్కడే మొదలుపెట్టండి.

సీఎఫ్‌ఎల్ బల్బుల సంగతి వేరు. కరెంటు కొరత వచ్చిన రోజుల్లో ఎస్కామ్ కోట్ల కొద్దీ సీఎఫ్‌ఎల్ బల్బులు ఉచితంగా పంచింది. మీ ఇంట్లో ఇంకా కొన్ని ఉండవచ్చు. అవి 14 వాట్లకే పాత 60 బల్బంత వెలుతురు ఇస్తాయి. కాబట్టి ఎల్‌ఈడీకి మారితే మిగిలేది కొంచెమే. పనిచేసినంతకాలం వాడుకోండి.

హోల్డర్ చూసి కొనండి

షాపుకు వెళ్ళేముందు పాత బల్బును తీసి అడుగు భాగం చూడండి. స్విచ్ ఆపి, బల్బు చల్లబడ్డాకే తీయాలి. వీలైతే ఆ బల్బును వెంట తీసుకువెళ్ళండి.

మన దేశంలో ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి, రెండు వైపులా చిన్న పిన్నులు ఉండి, నొక్కి తిప్పితే పట్టుకునేది. దాని పేరు బీ22. రెండోది సీసా మూతలా తిప్పి బిగించేది. దాని పేరు ఈ27. ఈ అంకెలు అడుగు భాగం వెడల్పును మిల్లీమీటర్లలో చెబుతాయి. టేబుల్ లైట్లకు సన్నని రకాలు ఉంటాయి. అవి బీ15, ఈ14.

సీలింగులోని చిన్న లైట్లలోనూ రెండు రకాలున్నాయి. ఒకదానికి పొట్టిగా, లావుగా రెండు కాళ్ళు ఉంటాయి. అది జీయూ10. ఇది నేరుగా 230 వోల్టుల మీద నడుస్తుంది. దాన్ని మార్చడం తేలిక. రెండోదానికి సూదుల్లాంటి కాళ్ళు ఉంటాయి. దాన్ని ఎంఆర్16 అంటారు. అది 12 వోల్టులది. సీలింగు పైన దానికొక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్‌ను 50 వాట్ల బల్బు కోసం చేశారు. 5 వాట్ల ఎల్‌ఈడీ పెడితే అది సరిగా పనిచేయకపోవచ్చు. లైటు మిణుకు మిణుకుమంటుంది. అప్పుడు తప్పు బల్బుది కాదు. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎలక్ట్రీషియన్ చేత మార్పించాలి.

వెలుతురు పెంచడానికి, తగ్గించడానికి తిప్పే డిమ్మర్ స్విచ్ మీ ఇంట్లో ఉంటే పెట్టె మీద "డిమ్మబుల్" అనే మాట ఉందో లేదో చూడండి. ఆ మాట లేని బల్బును డిమ్మర్ మీద పెడితే అది మిణుకుమంటుంది, త్వరగా పాడవుతుంది.

దీపం రంగా, పగటి రంగా?

పెట్టె మీద 2700 కె, 4000 కె, 6500 కె అని అంకెలు కనిపిస్తాయి. కె అంటే కెల్విన్. ఇది వెలుగు రంగును చెబుతుంది. అంకె చిన్నదైతే వెలుగు పసుపుగా ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ తెల్లగా, ఆ పైన నీలంగా మారుతుంది.

దేవుడి దగ్గర మనం పెట్టే నూనె దీపం రంగు సుమారు 1900 కెల్విన్లు. పాత గుండ్రటి బల్బు 2700. మధ్యాహ్నపు ఆకాశం వెలుగు 6500 దగ్గర. వెలుగు ఎంత ఎక్కువో ఈ అంకె చెప్పదు. 2700 బల్బూ, 6500 బల్బూ ఒకే లూమెన్లు ఇవ్వవచ్చు.

పడక గదికీ, ముందు గదికీ 2700 లేక 3000 బాగుంటుంది. సాయంత్రం కంటికి హాయిగా ఉంటుంది. రాత్రి పడుకునే ముందు నీలం కలిసిన తెల్లని వెలుగు ఎక్కువైతే నిద్ర త్వరగా రాదు. వంటగదికీ, చదువుకునే బల్లకూ 4000 సరిపోతుంది. గరాజ్‌కు, పని చేసే షెడ్డుకు 6500 పెట్టినా ఇబ్బంది లేదు.

పూజ గదిలో నూనె దీపం ఉండాల్సిందే. దాని పక్కన కరెంటు లైటు కూడా కావాలంటే 2700 పెట్టండి. దేవుడి పటాల మీద పసుపు, కుంకుమ నిండుగా కనిపిస్తాయి. 6500 పెడితే దీపం వెలుగు వెలవెలబోతుంది.

ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఇంకొక మాట. వయసు పెరిగేకొద్దీ కంటికి ఎక్కువ వెలుతురు కావాలి. మెట్లకు, స్నానాల గదికి, పడక గది నుంచి అక్కడికి వెళ్ళే దారికి లూమెన్లు తగ్గించకండి. బల్బు నేరుగా కంట్లో పడకుండా తెల్లని కవరు ఉన్నదే ఎంచుకోండి. రాత్రి దారిలో మనిషి కదలగానే వెలిగే చిన్న లైటు పెడితే చీకట్లో స్విచ్ కోసం తడుముకోవాల్సిన పని ఉండదు.

దుకాణంలో రంగుల పరీక్ష

డర్బన్‌లో ఒకప్పటి గ్రే స్ట్రీట్, ఇప్పటి డాక్టర్ యూసుఫ్ దాదూ స్ట్రీట్. అక్కడ చీర కొనేటప్పుడు మన ఆడవాళ్ళు ఏం చేస్తారు? చీరను గుమ్మం దాకా తీసుకువచ్చి ఎండలో చూస్తారు. లోపలి లైటును వాళ్ళు నమ్మరు. వాళ్ళు చేసేది సరైన పనే.

లైటు కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె ఒకటి ఉంది. దాన్ని సీఆర్‌ఐ అంటారు. పగటి వెలుగులాగా, పాత గుండ్రటి బల్బులాగా రంగులు చూపిస్తే అది 100. ఇంటికి 80 చాలు. చీరల దుకాణానికి, నగల దుకాణానికి, మసాలాలు అమ్మే దుకాణానికి 90, ఆ పైన ఉండాలి.

చౌక ఎల్‌ఈడీల్లో తక్కువగా ఉండేది ఎరుపు. నీలం మీద పసుపు పూత అని చెప్పుకున్నాం కదా. ఆ పూత మంచిది కాకపోతే ఎరుపు తగ్గిపోతుంది. అప్పుడు కారం పొడి గోధుమ రంగులో కనిపిస్తుంది. టమాటాలు వాడినట్టుంటాయి. మనుషుల ముఖాలు కూడా పాలిపోయినట్టుంటాయి. కొనేవాడికి కారణం తెలియదు. సరుకు పాతదనుకుని వెళ్ళిపోతాడు.

దుకాణం అంతటికీ ఒకేసారి లైట్లు కొనకండి. ముందు ఒక్కటి తెచ్చి పెట్టండి. దాని కింద కుంకుమ, కారం, ఎర్ర పట్టుచీర ఉంచి చూడండి. అవే వస్తువులను ఎండలో చూడండి. రెండుచోట్లా ఎరుపు ఒకేలా ఉంటే ఆ లైటు మంచిది.

ట్యూబ్‌లైట్లు: దుకాణానికొక లెక్క, హాలుకొక లెక్క

దుకాణాల్లో, గుడి హాళ్ళలో, తెలుగు బడి గదుల్లో ఎక్కువగా ఉండేవి నాలుగు అడుగుల ట్యూబ్‌లైట్లు. ఒక్కొక్కటి 36 వాట్లు. పాత చోక్ తినే కరెంటు కూడా కలిపితే సుమారు 45 వాట్లు. దాని చోట 18 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు పెట్టవచ్చు.

నలభై ట్యూబులు ఉన్న దుకాణం ఒకటి, నలభై ట్యూబులే ఉన్న హాలు ఒకటి అనుకుందాం. మార్చే ఖర్చు ట్యూబుకు 150 ర్యాండ్లు అనుకుంటే మొత్తం 6000 ర్యాండ్లు. దుకాణంలో లైట్లు వారానికి 60 గంటలు వెలుగుతాయి. ఏడాదికి సుమారు 3370 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 3 ర్యాండ్లయితే అది 10,000 ర్యాండ్లు దాటుతుంది. పెట్టిన డబ్బు ఏడు నెలల్లో తిరిగి వస్తుంది. హాలులో లైట్లు వారానికి 20 గంటలే వెలుగుతాయి. అక్కడ అదే డబ్బు రావడానికి 21 నెలలు పడుతుంది.

అంటే హాలులో మార్చకూడదని కాదు. కమిటీవాళ్ళు విరాళం డబ్బు ఖర్చుపెట్టేముందు ఈ లెక్క వేసి సభ్యులకు చూపించాలి. ప్రార్థన హాలు కన్నా ముందు రాత్రంతా వెలిగే గేటు లైట్లు, ఆవరణ లైట్లు మార్చడం మేలని తేలవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పాత ట్యూబు 3000 లూమెన్లు దాటి ఇచ్చేది. అయితే అందులో సగం సీలింగు వైపు పోయేది. 18 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు 2000 లూమెన్లకు అటూ ఇటూ ఇస్తుంది. దాని వెలుగు ఎక్కువగా కిందికే వస్తుంది. కింద చదువుకునేవాళ్ళకు తేడా తెలియదు. గోడల పై భాగం మాత్రం కొంచెం చీకటిగా ఉంటుంది. ముందు ఒక గదిలో పెట్టి చూసి, తర్వాత మిగతావి మార్చండి.

రెండో జాగ్రత్త ప్రాణానికి సంబంధించినది. కొన్ని ఎల్‌ఈడీ ట్యూబులకు ఒక చివర నుంచే కరెంటు వస్తుంది. కొన్నింటికి రెండు చివరల నుంచీ రావాలి. కొన్నింటికి పాత చోక్ ఉంచి స్టార్టర్ మాత్రం మార్చాలి. కొన్నింటికి చోక్ తీసేసి వైర్లు మార్చాలి. ఒక రకం వైరింగులో ఇంకో రకం ట్యూబు పెడితే షాక్ కొట్టవచ్చు, నిప్పు అంటుకోవచ్చు. వైర్లు ముట్టుకునే పని రిజిస్టర్డ్ ఎలక్ట్రీషియన్‌కే ఇవ్వండి. పని అయ్యాక సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.

కరెంటు పోయినప్పుడు

లోడ్‌షెడ్డింగ్ 2007 చివర్లో, 2008 మొదట్లో మనకు పరిచయమైంది. 2023లో మరీ ఎక్కువైంది. తర్వాత తగ్గినా, కరెంటు పోవడం అనేది పూర్తిగా పోలేదు. కేబుల్ దొంగతనాలు, పాడైన సబ్‌స్టేషన్లు ఉన్నాయి కదా.

ఇందుకోసం లోపల చిన్న బ్యాటరీ ఉన్న ఎల్‌ఈడీ బల్బులు వచ్చాయి. మామూలు హోల్డర్లోనే పెట్టవచ్చు. కరెంటు ఉన్నప్పుడు ఛార్జ్ అవుతాయి. పోగానే వాటంతట అవే వెలుగుతూ ఉంటాయి. అయితే గోడ మీద స్విచ్ వేసే ఉంచాలి. ఇంటికి అంతా అవసరం లేదు. మెట్ల దగ్గర ఒకటి, వంటగదిలో ఒకటి, స్నానాల గదిలో ఒకటి చాలు. బ్యాటరీ ఏటికేడు బలహీనపడుతుంది. ఆరు నెలలకొకసారి మెయిన్ స్విచ్ ఆపి, ఎంతసేపు వెలుగుతుందో చూడండి.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఒక్కసారిగా వోల్టేజి పెరగవచ్చు. ఎల్‌ఈడీ బల్బు అడుగున ఉండే చిన్న సర్క్యూట్ అప్పుడు దెబ్బతింటుంది. తరచు బల్బులు పోతుంటే డీబీ బోర్డులో సర్జ్ రక్షణ పెట్టించండి.

ఇంకో కారణం వేడి. ఎల్‌ఈడీ తక్కువ వేడెక్కుతుంది కానీ, ఆ కొంచెం వేడి బయటికి పోవాలి. గాలి ఆడని గాజు గిన్నెలో బిగిస్తే సర్క్యూట్ త్వరగా పోతుంది. పెట్టె మీద 15,000 గంటలు అని రాసి ఉంటే, రోజుకు 5 గంటల చొప్పున అది ఎనిమిదేళ్ళు. పాత గుండ్రటి బల్బు 1000 గంటలే. కాని ఆ ఎనిమిదేళ్ళు గాలి ఆడే చోట మాత్రమే. బిల్లు, పెట్టె దాచుకోండి. గ్యారంటీ ఉన్నప్పుడు పోతే తిరిగి ఇవ్వవచ్చు.

సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్ళలో బయటి లైట్లకు ఉప్పు గాలి తగులుతుంది. వాటి మీద ఐపీ65 అని ఉందో లేదో చూడండి. దుమ్ము, నీటి జల్లు లోపలికి పోవని దాని అర్థం.

పాత బల్బులను ఏం చేయాలి?

సీఎఫ్‌ఎల్ బల్బుల్లో, పాత ట్యూబ్‌లైట్లలో కొంచెం పాదరసం ఉంటుంది. అది విషం. వాటిని చెత్త సంచిలో వేయకండి. కొన్ని సూపర్ మార్కెట్లలో వాటి కోసం ప్రత్యేకమైన డబ్బా ఉంటుంది. ఇంట్లో పగిలితే పిల్లలను బయటికి పంపి, కిటికీలు తెరవండి. వాక్యూమ్ క్లీనర్ వాడకండి. గట్టి అట్టతో ముక్కలు ఎత్తి, అంటుకునే టేపుతో పొడి తీసి, మూత ఉన్న సీసాలో వేయండి.

మన మాటల్లో

మన పెద్దలు ఒక సామెత చెప్పేవారు: దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. అంటే, అవకాశం ఉన్నప్పుడే పని చేసుకోవాలి. లైట్ల విషయంలో ఆ పని వరస ఇది. ముందు హాలోజెన్లు. తర్వాత ఎక్కువ గంటలు వెలిగే గుండ్రటి బల్బులు. తర్వాత మెట్లు, దారులు. ఆఖరున సామాన్ల గది.

ఈ మాటలు ఇంట్లో వాడి చూడండి:

లైటు వెయ్యి: స్విచ్ నొక్కి వెలిగించు.
లైటు ఆర్పు, లైటు తీసెయ్యి: స్విచ్ ఆపు.
దీపం పెట్టు, దీపం వెలిగించు: నూనె దీపానికి వాడే మాటలు. "దీపం వెయ్యి" అనరు.
దీపం కొండెక్కింది: నూనె దీపం దానంతట అదే ఆరింది. దేవుడి దీపం "ఆరిపోయింది" అనడం మంచిది కాదని పెద్దలు ఇలా అంటారు. బల్బుకు ఈ మాట వాడరు.
బల్బు మాడిపోయింది, బల్బు పోయింది: ఇక పనిచేయదు.
వెలుతురు: గదిలో చూడటానికి సరిపోయే వెలుగు. "ఇక్కడ వెలుతురు చాలదు" అంటాం.
మిణుకు మిణుకుమను: ఆగి ఆగి వెలుగు.